ఒక్క ప్రతి చాలదా?

మన కళాశాల వార్షిక సంచిక అచ్చాపీసునుండి వెలువడినప్పుడు మొదటి ప్రతికీ చివరి ప్రతికీ తేడా కనిపించకపోవడమే అచ్చుపని మంచితనానికి గుర్తు. ఎక్కడైనా ఒక ప్రతిలో అక్షరం చెదిరితే ముద్రాపకుని తప్పు పట్టుతాము. ముద్రణ అనగా ఒకదానిని వందలుగా చేయడమేనని చిన్ననాటినుండి మన మనస్సులలో నాటుకొని ఉన్నది. కాని ముద్రణలోనే ఇందుకు పూర్తిగా ఎదురు నడిచే శాఖ ఒకటి కలదు. అందులో ఒకసారి తీసిన ప్రతి మరల రాదు. మోనోప్రింట్ అని దాని పేరు. ఏకప్రతి ముద్రణ అని మనం చెప్పుకోవచ్చును. మెత్తని జెల్ పలకపై ఆక్రిలిక్ రంగులను పొరపై పొరగా వేసి ఈ ముద్రలు తీసే పద్ధతి ఇటీవలి సంవత్సరాలలో ఎన్నో దేశాలలో ఇంటి బల్లలమీదికి కూడ వచ్చినది. దీనిని అల్లవరంలోని మన కళాశాలలో ప్రవేశపెట్టవలెననియు, వచ్చే ఏటి సంచిక ముఖపత్రాన్ని దీనికే అప్పగించవలెననియు విద్యార్థులకు, యాజమాన్య సంఘానికి నా మనవి.

ముందు పని తీరు తెలియవలెను. జెల్లీవలె మెత్తగా, రబ్బరువలె సాగుతూ, సుమారు అరంగుళం మందంగల పలక బల్లపై ఉంటుంది. దానిమీద రెండు మూడు చుక్కల రంగు వేసి రబ్బరు రోలరుతో పలుచగా పరచవలెను. రంగు ఆరకముందే ఒక రావి ఆకును, ఈనెలు క్రిందికి వచ్చేటట్లు, దానిపై ఉంచి, పైన కాగితం పరచి, అరచేతితో నిమిరి ఎత్తితే ఆకు ఉన్నచోట తెలుపు, చుట్టును రంగు వస్తాయి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. అసలు విశేషం ఆకును తీసివేసిన తరువాత కనిపిస్తుంది. ఆకు క్రింద పలకకు అంటుకొని కొంత రంగు మిగిలిపోయి ఉంటుంది; ఆ మిగిలిన రంగులో ఈనెల వల అంతయు స్పష్టంగా నిలిచి ఉంటుంది. ఆలస్యం చేయక మరొక కాగితం పరచి నొక్కితే, మొదటిదానికంటె సుకుమారమైన ముద్ర లేస్తుంది. మొదటిది మనం ఉద్దేశించి తీసినది. రెండవది మిగులునుండి పుట్టినది. పదిసార్లలో ఎనిమిదిసార్లు రెండవదే నాకు నచ్చినది.

ఇక పొరల సంగతి. పొరలు వేయడంలో రెండు మార్గాలున్నవి. మొదటి ముద్ర ఆరిన కాగితాన్నే మరల పలకపై పరచి రెండవ రంగు, అది ఆరినపిమ్మట మూడవ రంగు ఎక్కించడం ఒక మార్గం. పారదర్శకమైన రంగు అయితే పసుపుమీద పడిన నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. తెలుపు కలిసిన చిక్కని రంగు అయితే క్రిందిదానిని కప్పివేస్తుంది. రెండవ మార్గం విచిత్రమైనది. అందులో ఒక్కొక్క రంగును పలకపైననే ఆరనిచ్చి, చివరకు తడి పొర ఒకటి పరచి, ఆ తడియే బంకగా పనిచేయగా, పొరలన్నిటిని ఒక్కసారిగా కాగితంమీదికి ఎత్తుతారు. అప్పుడు ముందు వేసినది పైకి వస్తుంది, చివర వేసినది అడుగున పడుతుంది. చిత్రకారుడు సాధారణంగా ఆకాశం ముందు వేసి కొబ్బరిచెట్టు తరువాత వేస్తాడు. ఇక్కడ చెట్టు ముందు, ఆకాశం తరువాత. అద్దంలోవలె కుడి ఎడమలు కూడ మారిపోతాయి గనుక పేరు వ్రాయదలచినవారు త్రిప్పి వ్రాయవలెను. పలకపై ఉర్దూ అక్షరం ఎడమనుండి కుడికి, తెలుగు అక్షరం కుడినుండి ఎడమకు నడుస్తాయి. మన రెండు శాఖల విద్యార్థులు ఒకరి త్రోవన ఒకరు నడవవలసిన పని ఇంతకంటె సులభమైనది మరొకటి నాకు తోచలేదు.

"ఇది పిల్లల ఆట గదా, పరీక్షకు పనికివచ్చునా?" అని సంఘ సభ్యులలో ఎవరైనా అడుగుదురేమో. పరీక్షకు పనికిరాదు. అయినను ఆ ప్రశ్న అడిగేవారు చిత్రప్రదర్శనలలో గోడలకు తగిలించే బొమ్మలను ఒక్కసారి తలచుకొనవలెను. వాటిలో అధికభాగం చేతిఫోనులోని బొమ్మను ముందు పెట్టుకొని, గళ్ళు గీసి, గడి గడికి దించినవే. పోలిక కుదిరినదానికి బహుమతి, కుదరనిదానికి చప్పట్లు. దించడంలో చేతికి శిక్షణ కలదు, కాదనను. కాని కంటికి పని లేదు. జెల్ పలకపై దించడం సాధ్యం కాదు. నిన్న వచ్చిన ముద్రను ఈనాడు అదే ఆకుతో, అదే రంగుతో తీయబోయినా రాదు. రంగు మందం వెంట్రుకవాసి మారుతుంది, చేతి ఒత్తిడి మారుతుంది, సముద్రపు గాలిలోని చెమ్మ మారుతుంది. ప్రతి ముద్ర తరువాతను ఆగి, వచ్చినదానిని చూచి, దానిపై ఏ పొర వేయవలెనో అక్కడికక్కడ నిశ్చయించుకొనవలసినదే. విద్యార్థి తన నిర్ణయం తాను చేసుకొనే ఘడియలు మన బోధనలో ఎన్ని ఉన్నవో అధ్యాపకులే చెప్పగలరు.

ఇది పరదేశపు వ్యామోహమని తోసిపుచ్చేవారు కూడ ఉంటారు. జెల్ పలక క్రొత్తదే కావచ్చు, ఏకప్రతి ముద్ర మనకు క్రొత్త కాదు. అబ్రీ అన్న మాట ఉర్దూ శాఖవారికి తెలిసియే ఉంటుంది. అబ్ర్ అంటే పారసీకంలో మేఘం. చిక్కని జిగురునీటిపై రంగులు చిలకరించి, సూదితోనో దువ్వెనతోనో కదిపి, కాగితాన్ని ఆ నీటిపై మెల్లగా వాల్చి ఎత్తితే రంగుల సుడులు మబ్బుతెరలవలె కాగితానికి పట్టుకొంటాయి. ఒక కాగితానికి పట్టినది మరొకదానికి పట్టదు. తుర్కీలో దీనినే ఎబ్రూ అంటారు. ఆ దేశపు ఎబ్రూను 2014లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినది. 17వ శతాబ్దిలో దక్కనులోని బీజాపూరు చిత్రకారులు అబ్రీని గ్రంథాల అంచుల అలంకారంగా మాత్రమే విడిచిపెట్టలేదు. కాగితంలో కొంత భాగాన్ని మూసి, తక్కిన భాగానికి మాత్రమే ఆ సుడులను ఎక్కించి, వాటితోనే బొమ్మలు కట్టినారు. ఎముకలు తేలిన గుర్రాన్ని, దానిపై కృశించిన రౌతును చూపే అట్టి చిత్రం ఒకటి, సుమారు 1625 నాటిది, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. ఈనాడు జెల్ పలకపై కాగితపు ముక్కను కత్తిరించి అడ్డుపెట్టేవారు చేస్తున్నది ఆ పనియే.

పొరల క్రమశిక్షణకు అంతదూరం కూడ పోనవసరం లేదు. కృష్ణాజిల్లాలో మచిలీపట్నం, పెడన ఉన్నవి. గోల్కొండ సుల్తానుల కాలంలో పారసీక వర్తకంతో వృద్ధిపొందిన అక్కడి అద్దకం అంతయు పొరల శాస్త్రమే. బట్టను కరక్కాయ రసంలోను పాలలోను తడిపి, ఇనుపతుప్పు, బెల్లం ఊరవేసిన ద్రవంతో నల్లని గీత ముందు అద్దుతారు. తరువాత పటిక అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు లేదు. పూర్వం చిరివేరుతో ఉడికించినప్పుడు, పటిక పడినచోట మాత్రమే ఎరుపు పుట్టేది. అనగా పనివాడు ఇంకా కంటికి కనిపించని రంగును మనస్సులో చూచుచు అచ్చు వేయవలెను. జెల్ పలకమీద ఆరిన పొరలను చివరిలో ఎత్తేవానికి కావలసిన చూపు కూడ ఇట్టిదే.

ఇంకొక పేరు చెప్పక ఈ ప్రసంగం సాగదు. ఒకే పలకపై పెక్కు రంగులను నిలిపే విద్యలో ప్రపంచమంతటా పేరు పొందినవాడు తెలుగుదేశపు పల్లెటూరివాడు. కృష్ణారెడ్డిగారు 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించినారు. శాంతినికేతనంలో నందలాల్ బోసు వద్ద అభ్యసించి, లండనులోని స్లేడ్ కళాశాలకు, అటుపిమ్మట పారిసులో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలకు చేరినారు. అంతవరకు రంగుల ముద్రణ అంటే సామాన్యంగా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక. కృష్ణారెడ్డిగారు, బొంబాయికి చెందిన కైకో మోతీగారు అక్కడ పనిచేస్తూ ఒకే లోహపు పలకపై అన్ని రంగులను ఒక్కసారి ముద్రించే మార్గాన్ని రూపొందించినారు. దాని సూత్రం వంటింటిలో నూనె తెలిసినవారికెల్ల తెలిసేదే. నూనె ఎక్కువ కలిపిన పలుచని సిరా పడినచోట, నూనె తక్కువైన చిక్కని సిరా అంటదు. పలకను లోతు తక్కువ, ఎక్కువలుగా చెక్కి, గట్టి రోలరుతో ఒక సిరాను ఎత్తైన భాగాలకు, మెత్తని రోలరుతో మరొక సిరాను లోతులకు అందిస్తే, రంగులు ఒకదాని ప్రక్కన ఒకటి కలియక నిలుస్తాయి. 1963 నాటి వారి ముద్ర ఒకదాని పేరు సుడిగుండం అని అర్థమిచ్చే ఆంగ్లపదం. 1972లో ప్రభుత్వం వారికి పద్మశ్రీ ఇచ్చినది; 2018లో న్యూయార్కులో దివంగతులైనారు. వారి లోహపు పలకకును మన జెల్ పలకకును పోలిక పెట్టడం సాహసమే. వారిది బరువైన యంత్రం క్రింద సాగిన ఏండ్ల తపస్సు, మనది అరచేతి ఒత్తిడి. నేను చెప్పదలచినది ఒక్కటే. రోలరు మెత్తదనం, రంగు చిక్కదనం చిత్రాన్ని నిర్ణయిస్తాయన్న సంగతి ఒక తెలుగువాడు లోకానికి నేర్పగా, తెలుగు కళాశాలలలో ఆయన పేరు విన్న విద్యార్థులు బహు కొద్దిమంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. జెల్ పలక ఇంటిలో తయారుచేసే పాత పద్ధతిలో జెలటిన్, గ్లిజరిన్, నీరు కావలెను. 80 గ్రాములకు పైచిలుకు జెలటిన్‌ను ఒకటిన్నర కప్పుల గ్లిజరిన్‌లో కలిపి, అంతే కొలత మరిగిన నీరు పోసి, నురుగు తీసి, పళ్ళెంలో గడ్డకట్టించడం వాడుక. గ్లిజరిన్ ఉన్నందువల్ల పలక ఎండదు, బూజు పట్టదు. చెడితే కరిగించి మరల పోసుకోవచ్చు. సైక్లోస్టైలు యంత్రానికి పూర్వం కచేరీలలో నకళ్ళు తీయుటకు వాడిన హెక్టోగ్రాఫు పళ్ళెంలో ఉన్నదీ ఈ మిశ్రమమే. ఇంతవరకు బాగున్నది. కాని జెలటిన్ పశువుల ఎముకలనుండి, చర్మాలనుండి తీసే పదార్థం. పంది చర్మంనుండి తీసినది ప్రపంచపు అంగళ్ళలో విస్తారంగా ఉన్నది. ఏ పశువుదో డబ్బామీద ఎల్లప్పుడు వ్రాసి ఉండదు.

ఈ కళాశాలలో అది చిన్న విషయం కాదు. ముస్లిం విద్యార్థికి అది హలాలా హరామా అన్న ప్రశ్న. శాకాహార కుటుంబంనుండి వచ్చిన విద్యార్థినికి మరొక విధమైన సంకటం. "తినేది కాదు గదా" అని నవ్వి త్రోసివేయడం నాకు నచ్చదు. గంటలకొద్దీ అరచేతితో నిమిరే వస్తువు గురించి అడిగే హక్కు విద్యార్థికి కలదు. అడుగని విద్యార్థి మౌనంగా తరగతి మానివేస్తాడు. అది అంతకంటె చెడ్డది. ఇంతేగాక జెలటిన్‌కు వేడి పడదు. నీటితో మాత్రమే చేసిన పలక 35 డిగ్రీల దరిదాపులలోనే కరగసాగుతుంది. మే నెల మధ్యాహ్నం గ్లిజరిన్ కలిపిన నా పలక కూడ అంచుల వెంట మెత్తబడి, ఎత్తిన కాగితానికి తునకలై అంటుకొన్నది.

ఇందుకు మందు మన ఇండ్లలోనే ఉన్నది. రంజాను మాసంలో ఇఫ్తారుకు పాలతో గడ్డకట్టించే చైనాగ్రాస్ ఎవరికి తెలియదు? అది సముద్రపు నాచునుండి తీసిన అగర్. జంతు సంబంధం ఏమాత్రం లేదు. ఒకసారి గడ్డకట్టిన తరువాత సుమారు 85 డిగ్రీల వరకు కరగదు గనుక కోనసీమ వేసవి దానినేమీ చేయలేదు. లోపమేమంటే అది జెలటిన్‌వలె సాగదు, పెళుసు; మూల పట్టి ఎత్తితే విరుగుతుంది. పళ్ళెంనుండి తీయక పళ్ళెంలోనే వాడుకోవలెను, వారం లోపల క్రొత్తది పోసుకోవలెను. ఇక అంగళ్ళలో అమ్మే కృత్రిమ జెల్ పలకలున్నవి. ఖనిజ తైలంతో చేసే వాటిలో జంతుపదార్థం ఉండదు, జాగ్రత్తగా వాడితే ఏండ్లు నిలుస్తాయి. వెల మాత్రం విద్యార్థి భరించేది కాదు. నా అభిప్రాయంలో కళాశాల అట్టివి రెండు కొని బీరువాలో ఉంచవలెను, అభ్యాసానికి అగర్ పలకలు విద్యార్థులే పోసుకోవలెను. జెలటిన్ జోలికి పోనవసరమే లేదు.

ప్రాణుల రూపాలు చిత్రించరాదని భావించే కుటుంబాల పిల్లలు మనలో ఉన్నారు. వారికి ఈ పని అడ్డు చెప్పదు. ఆకు, అల్లిక, అక్షరం, రేఖాగణితపు అల్లికలు ఉండగా ముఖం లేదని ఏ ముద్రా చిన్నబోదు. అట్లని ముఖం గీయదలచిన మరొక విద్యార్థిని ఆపడం కూడ తగదు.

సామగ్రికి డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. కొబ్బరిమట్ట మొదట చుట్టుకొని ఉండే పన్నాడ జెల్ పలకపై గోనెగుడ్డ నేతవలె పడుతుంది. ఓడలరేవులో పారవేసిన వలముక్క, సరుగుడు ఆకు, కొబ్బరిపీచు, అరటినార అన్నీ పనికివస్తాయి. రెండు జాగ్రత్తలు. ఒడ్డునుండి తెచ్చిన వలను బాగుగా కడిగి ఆరబెట్టవలెను, ఒక్క ఇసుకరేణువు చాలు పలకమీద మానని గీత పడుటకు. కొబ్బరి ఈనె కొన అగర్‌ను కోసివేస్తుంది. కాగితానికి పాత ప్రశ్నపత్రాల వెనుకవైపు చాలును. మొదటి పొరలో అడుగున అచ్చు అక్షరాలు మసకగా కనిపిస్తే మరింత బాగుంటుంది. పరీక్షకు పనికివచ్చునా అని అడిగినవారికి అది నా చిన్న సమాధానం.

అయితే ఒక విషయంలో కఠినంగా ఉండవలెను. ఆక్రిలిక్ రంగు నీటిలో కలిసేదే గాని ఆరిన తరువాత ప్లాస్టిక్. రోలరును, పలకను కడిగిన నీటిని కాలువలో పోస్తే ఆ సన్నని రేణువులు వరిచేలకు, చెరువులకు, వైనతేయ పాయగుండా సముద్రానికి చేరుతాయి. మన కాలువలు ఇప్పటికే మోయవలసినదానికి మించి మోస్తున్నవి. కడుగవద్దు. రోలరుమీద మిగిలిన రంగును పాత కాగితంమీద దొర్లించి ఖాళీ చేయవలెను. ఆ కాగితమే మరొక ముద్రకు నేపథ్యం కాగలదు. చివరకు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఆరబెట్టి చెత్తలో వేయవలెను. ఈ నియమం పాటించలేమనుకొంటే ఈ పని ప్రారంభించకపోవడమే మేలు.

ఇక ముఖపత్రం. సంచిక ఐదు వందల ప్రతులు వేస్తామనుకొందాము. అచ్చాపీసువారిని ముఖపత్రం నడుమ అరచేతి వెడల్పు ఖాళీ చతురస్రం విడువమని కోరవలెను. యాభైమంది విద్యార్థులు తలకు పది ముద్రలు తీస్తే ఐదు వందలు. ఒక్కొక్క ప్రతికి ఒక్కొక్క ముద్ర అతికించి, క్రింద పెన్సిలుతో తీసినవారి పేరు ఉర్దూలోనో తెలుగులోనో వ్రాయించవలెను. వర్షాలలో కాగితం ఆరదు గనుక డిసెంబరు, జనవరి నెలలలో ఈ పని జరగవలెను. వారానికి ఒక మధ్యాహ్నం, ఒక పొడుగాటి బల్ల, తడి ముద్రలు వ్రేలాడదీయుటకు వసారాలో ఒక దండెం చాలును. రాజమహేంద్రవరం కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ప్రిన్సిపాలు పిల్లల బొమ్మలపై కన్ను వేసినందుననే దామెర్ల రామారావు (1897-1925), అడివి బాపిరాజు వంటివారికి తొలి ప్రోత్సాహం దొరికినది. ఆయన ఇచ్చినది భవనం కాదు, ధనం కాదు, శ్రద్ధ.

ఐదు వందలలో కొన్ని ముద్రలు బాగుండవు. కొన్ని బురదరంగు తేలుతాయి, కొన్నిటికి మూల చిరుగుతుంది. వాటిని ఏరివేసి మంచివి మాత్రమే అతికిద్దామన్న సూచన తప్పక వస్తుంది. అంగీకరించకూడదు, బురదరంగు ముద్ర తీసినవాని పేరు కూడ ఒక ప్రతిమీద ఉండవలెను. వార్షికోత్సవంనాడు ముఖ్య అతిథికి ఏ ప్రతి ఇవ్వవలెనన్న వివాదం కూడ వస్తుంది. కట్టలో పైన ఏది ఉంటే అది ఇవ్వవలెను.